ఎర్రనేల మీద డిటెక్టర్ ఆగకుండా మోగుతోంది, ఎలా సెట్ చేయాలి?

కొత్తకాయిల్:
అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా మెటల్ డిటెక్టర్ వాడుతున్నాను. 13 కిలోహెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాన్ని ఆగకుండా పంపే రకం) మెషీన్, 11 అంగుళాల డబుల్ డి కాయిల్ (లోపల D ఆకారపు తీగచుట్లు రెండు ఉన్నది). ఇప్పటిదాకా మెత్తటి పొలం నేలల్లోనే తిరిగాను, ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన వారం ఒక గుట్ట వాలుకి వెళ్లాను. ఎర్రమట్టి, మధ్యమధ్యలో తుప్పు రంగు గులకరాళ్లు. స్విచ్ వేసిన దగ్గర్నుంచి ఒకటే మోత. కాయిల్ కదిపితే కూత, దించితే కూత, గడ్డికి తగిలినా కూత.

సెన్సిటివిటీ తగ్గిస్తే లోతు పోతుందని పూర్తిగా పెంచే ఉంచాను. ఇనుమే గోల చేస్తోందనుకుని డిస్క్రిమినేషన్ (ఇనుము లాంటి అక్కర్లేని లోహాల శబ్దాన్ని మూసేసే సెట్టింగ్) కూడా పెంచాను. మోత కొంచెం తగ్గింది. అయినా నమ్మకం కుదరక 15 సెంటీమీటర్ల గొయ్యి తీసి ఒక నాణెం పాతి చూశాను. ఏమీ పలకలేదు. అదే నాణెం గాలిలో పట్టుకుంటే 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఖంగుమంటోంది. మెషీన్ పాడైందా, నా సెట్టింగ్ తప్పా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ఓపికమనిషి:
మెషీన్‌కి ఏమీ కాలేదు తమ్ముడూ. గాలిలో అంత దూరం పలుకుతోందంటే కాయిల్, బ్యాటరీ రెండూ బాగున్నట్టే. ఒక్క మాట చెప్పు. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల శబ్దాన్ని రద్దు చేసే సర్దుబాటు) చివరిసారి ఎప్పుడు చేశావు? ఏ నేల మీద చేశావు? స్క్రీన్ మీద ఎంత చూపించింది?

కొత్తకాయిల్:
కొన్న కొత్తలో పొలంలో ఒకసారి చేశానండి. అప్పుడు 58 అని చూపించింది, స్కేలు 0 నుంచి 99 వరకు ఉంటుంది. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఒకసారి చేస్తే చాలనుకున్నాను.

ఓపికమనిషి:
ముల్లు అక్కడే ఉంది. ఆ 58 ఆ పొలానిది. గుట్ట వాలుకి దాని లెక్క దానికి ఉంటుంది. నేను గట్టి నేలల్లో అయితే ప్రతి ఇరవై ముప్పై అడుగులకీ ఒకసారి సరిచూసుకుంటాను. మట్టి రంగు మారినా, ఎండు నేల నుంచి తడి నేలలోకి దిగినా మళ్లీ చూస్తాను.

తీగచుట్ట:
అసలు అక్కడ ఏం జరుగుతోందో తెలిస్తే సెట్టింగులు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కాయిల్ నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం లోహాన్ని ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోదు. మట్టిలో ఉన్న మాగ్నెటైట్, మాగ్‌హెమైట్ లాంటి ఇనుప ఖనిజాలు కూడా దానికి జవాబిస్తాయి. అయితే ఆ జవాబు పంపిన తరంగంతో పాటే, దాదాపు ఆలస్యం లేకుండా వెనక్కి వస్తుంది. నాణెంలో అలా కాదు. దానిలో ముందు సుడి ప్రవాహాలు (లోహంలో గుండ్రంగా తిరిగే కరెంటు) పుట్టాలి, అవి తమ క్షేత్రాన్ని తయారు చేయాలి, కాబట్టి దాని జవాబు వెనకబడి వస్తుంది. ఈ వెనకబాటునే ఫేజ్ అంటాం. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే ఇక్కడి మట్టి ఏ ఫేజ్‌లో పలుకుతోందో కనిపెట్టి, సరిగ్గా ఆ కోణంలో వచ్చేదాన్ని పట్టించుకోవద్దని మెషీన్‌కి చెప్పడం. నీ మెషీన్ ఇంకా పొలం మట్టి కోణాన్నే వదిలేస్తోంది. గుట్ట మట్టి వేరే కోణంలో వస్తోంది కాబట్టి అదంతా లోహంలాగే వినిపిస్తోంది.

ఇక లోతు సంగతి. చిన్న వస్తువు సిగ్నల్ దూరంతో పాటు భయంకరంగా పడిపోతుంది, సుమారుగా దూరానికి ఆరో ఘాతంలో. లోతు రెట్టింపైతే సిగ్నల్ 64వ వంతుకి చేరుతుంది. నేల మాత్రం కాయిల్ కింద అంతా పరుచుకుని, కాయిల్‌ని ఆనుకుని ఉంటుంది. అంటే లోతులో ఉన్న నాణెం గుసగుసలాడుతుంటే, పైనున్న మట్టి చెవి దగ్గర అరుస్తున్నట్టు. సెన్సిటివిటీ పెంచితే రెండూ పెరుగుతాయి. మరీ పెంచితే మెషీన్ మొదటి దశలోనే నిండిపోయి ఓవర్‌లోడ్ అవుతుంది, ఇక ఏ సెట్టింగూ దాన్ని కాపాడదు. ఇలాంటి నేలలో సెన్సిటివిటీ తగ్గిస్తే లోతు పెరగడం చాలామందికి వింతగా ఉంటుంది. కానీ నిజం.

రాళ్లపిచ్చి:
ఒక చిన్న పరీక్ష చెప్తాను. గట్టి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, పొడిమట్టిలో ఓ గజం దూరం మెల్లగా లాగు. పైకి తీసి చూడు. కవర్‌కి నల్లటి పొడి పిల్లి బొచ్చులా లేచి నిలబడితే, ఆ నేలలో మాగ్నెటైట్ బాగా ఉందని అర్థం. కవర్‌ని తిరగేసి అయస్కాంతం బయటికి తీస్తే పొడి మొత్తం రాలిపోతుంది, మళ్లీ వాడుకోవచ్చు.

రంగు చూసి భయపడకు, రంగు చూసి ధీమా పడకు. ఎర్రదనం ఎక్కువగా హెమటైట్ నుంచి వస్తుంది, దానికి అయస్కాంత గుణం చాలా తక్కువ. ఎర్రగా నిప్పులా కనిపించే నేల డిటెక్టర్ కింద ప్రశాంతంగా ఉండొచ్చు. బూడిద రంగులో మామూలుగా కనిపించే నేలలో నల్ల మాగ్నెటైట్ కలిసి ఉండి చుక్కలు చూపించొచ్చు. ఇంకో సంగతి, ఎప్పుడో నెగడు వేసిన చోట్లు. మంట వేడికి మట్టిలోని ఇనుప ఖనిజాలు మాగ్‌హెమైట్‌గా మారతాయి. అక్కడ లోహం రవ్వంత లేకపోయినా కాయిల్ పలుకుతుంది. అలాంటి చోట బ్యాలెన్స్ చేశావంటే మిగతా నేలంతా తప్పుగా వినిపిస్తుంది.

కొత్తకాయిల్:
తీగచుట్ట అన్నా, రాళ్లపిచ్చి అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. 58 ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమైంది. బ్యాలెన్స్ సరిగ్గా చేసే పద్ధతి ఎవరైనా మొదటి నుంచి చెప్తారా? నేను బటన్ నొక్కి రెండుసార్లు ఊపి వదిలేశాను.

ఓపికమనిషి:
చెప్తాను. ముందు డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసెయ్. ఆల్ మెటల్ మోడ్‌లో పెట్టి, సెన్సిటివిటీ సగానికి దించు. తర్వాత ఖాళీ చోటు వెతుక్కో. అందరూ తొందరపడేది ఇక్కడే. మేకు ముక్క ఉన్న చోట బ్యాలెన్స్ చేస్తే మేకుకే బ్యాలెన్స్ అవుతుంది. కాయిల్‌ని అటూ ఇటూ మెల్లగా ఊపి, ఒకచోట గట్టిగా మోగే శబ్దం ఏదీ లేదని రూఢి చేసుకో.

ఇప్పుడు కాయిల్‌ని నేలకి సమాంతరంగా పట్టుకుని, మోకాలి కింద ఎత్తు నుంచి నేలకి ఓ అంగుళం దాకా దించు, ఎత్తు, దించు. తొందర లేదు, ఊపిరి తీసి వదిలే వేగం చాలు. దించినప్పుడు శబ్దం పెరుగుతోందా, ఎత్తినప్పుడు పెరుగుతోందా విను. ఒకవైపు పెరుగుతుంటే సెట్టింగ్ ఇటు తిప్పాలి, రెండోవైపు పెరుగుతుంటే అటు. ఏది ఎటో మెషీన్‌ని బట్టి మారుతుంది కాబట్టి నీ చెవినే నమ్ముకో. రెండు వైపులా శబ్దం ఒకేలా, సన్నటి గుయ్‌మన్న మోతలా నిలిచేదాకా తిప్పు. ఆటో బటన్ ఉంటే అది నొక్కి పట్టుకుని ఇలాగే ఐదారుసార్లు పంప్ చెయ్, సంఖ్య నిలకడగా వచ్చాకే వదులు. రెండు గజాలు పక్కకి జరిగి మళ్లీ చెయ్. రెండు చోట్లా దగ్గర దగ్గర సంఖ్య వస్తే అది నేలది. తేడా ఎక్కువగా ఉంటే ఒకచోట కింద ఏదో ఉన్నట్టే.

ఆ తర్వాత సెన్సిటివిటీ మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పో. శబ్దం చిరచిరలాడటం మొదలైన చోట ఆగి, రెండు మెట్లు వెనక్కి రా. నీ నేలకి అదే గరిష్ఠం. హెడ్‌ఫోన్ లేకుండా ఇదంతా చేయకు, గాలి హోరులో ఆ సన్న తేడా వినిపించదు.

రెండోచెవి:
ఇంత శ్రమ దేనికండీ? ట్రాకింగ్ ఆన్ చేసుకుంటే నేల మారుతున్నకొద్దీ మెషీనే సర్దుకుంటుంది. నేను ఏళ్లుగా అలాగే తిరుగుతున్నాను.

ఓపికమనిషి:
ట్రాకింగ్ చెడ్డదని నేననను. నాలుగు అడుగులకొకసారి మట్టి మారే చోట అదే దిక్కు. కానీ దాని పని నేలని వెంటాడి రద్దు చేయడం. సన్నటి సిగ్నల్ వచ్చినప్పుడు మనం అక్కడే నిలబడి పదిసార్లు ఊపుతాం కదా, లోతులో ఉన్న చిన్న ముక్కని కూడా అది నేలే అనుకుని మెల్లగా మింగేస్తుంది. మొదటిసారి స్పష్టంగా వినిపించింది, నాలుగోసారికి సన్నబడింది, ఎనిమిదోసారికి లేదు. నేనే అలా ఎన్ని వదిలి వచ్చానో లెక్క లేదు. అది తెలిశాక చేసే పని ఒకటే: పంప్ చేసి సంఖ్య పట్టుకుంటాను, ఫిక్స్ చేస్తాను, తిరుగుతాను.

రెండోచెవి:
మీరు చెప్పిన మింగేయడం నాకూ జరిగింది, కారణం ఇదని తెలియదు. నిన్న ఒక చోట సరిగ్గా అలాగే సిగ్నల్ మాయమైంది. సాయంత్రం వెళ్లి ఫిక్స్‌లో పెట్టి చూస్తాను.

తీగచుట్ట:
సిగ్నల్ మాయమైతే ఇంకో ఉపాయం ఉంది. కాయిల్‌ని ఆ చోటు నుంచి ఓ రెండు అడుగులు పక్కకి తీసుకెళ్లి ఖాళీ నేల మీద నాలుగుసార్లు ఊపండి. ట్రాకింగ్ మళ్లీ నేల మీదికి వచ్చేస్తుంది. అప్పుడు తిరిగి ఆ చోటికి వస్తే ముక్క మళ్లీ పలుకుతుంది.

కొత్తకాయిల్, నీ నాణెం పరీక్ష గురించి కూడా చెప్పాలి. ఇలాంటి మట్టిలో గొయ్యి తవ్వడమంటే నేల సిగ్నల్‌లోనే ఒక కన్నం పెట్టడం. చుట్టూ ఖనిజం, మధ్యలో ఖాళీ. బ్యాలెన్స్ కొంచెం తేడాగా ఉన్నా సరే, ఆ ఖాళీ కూడా ఒక సిగ్నల్‌లా కనిపిస్తుంది, లోపలున్న నాణెం సిగ్నల్‌తో కలిసి దాన్ని చెడగొడుతుంది. నమ్మకం లేకపోతే ఏమీ పాతకుండా ఒక గొయ్యి తీసి, దాని మీదుగా కాయిల్ ఊపి చూడు. పరీక్ష చేయాలంటే గొయ్యి పక్క నుంచి అడ్డంగా సన్న కన్నం చేసి నాణేన్ని లోపలికి తోస్తే పైన మట్టి కదలకుండా ఉంటుంది. కాస్త నయం.

కొత్తకాయిల్:
ఖాళీ గొయ్యి మీద ఊపి చూశానన్నా. గొయ్యి అంచు దాటినప్పుడల్లా కుయ్ మంటోంది! నేను మొన్న అదే చోట సిగ్నల్ అనుకుని ఇంకో అర అడుగు తవ్వాను. తవ్వేకొద్దీ ఇంకా గట్టిగా మోగింది.

ఈరోజు వెళ్లి ఓపికమనిషి గారు చెప్పినట్టు చేశాను. మొదటి చోట సంఖ్య 31 వచ్చింది, రెండు గజాల అవతల 82. అనుమానం వచ్చి మొదటి చోట తవ్వితే రెండంగుళాల్లోనే తుప్పు పట్టిన కమ్మీ ముక్క. తర్వాత మూడు చోట్ల 81, 82, 82. అయస్కాంతం లాగితే కవర్ నిండా నల్లపొడి లేచింది అక్కా. సెన్సిటివిటీ 90 నుంచి 55కి దించితే మెషీన్ మొదటిసారి నెమ్మదించింది. అయితే ఇంకా కొన్ని రాళ్లు కూస్తున్నాయి.

తీగచుట్ట:
82 సరిగ్గా సరిపోతుంది. ఈ రకం స్కేల్ ఉన్న మెషీన్లలో 40 నుంచి 75 మధ్య ఎర్ర, పసుపు, గోధుమ రంగు ఇనుప బంకమట్టి నేలలు పడతాయి. 75 నుంచి 95 దాకా మాగ్నెటైట్ లాంటి నల్ల ఖనిజాలు. ఉప్పు తడి, క్షార నేలలైతే 10 లోపు వస్తాయి. స్వచ్ఛమైన నేల 31 చూపించడం అరుదు, అక్కడ నీకు అనుమానం రావడమే మంచి పని చేసింది. ఇంకో మాట, సంఖ్య చెప్పేది ఖనిజం రకం గురించి. ఎంత మోతాదులో ఉందో చెప్పే మీటర్ వేరు, కొన్ని మెషీన్లలో అది పక్కనే గీతల్లా ఉంటుంది. సంఖ్య 82 అయినా మోతాదు తక్కువైతే నేల నిశ్శబ్దంగానే ఉంటుంది.

రాళ్లపిచ్చి:
నీ కూసే రాళ్లు హాట్ రాక్స్. చుట్టూ ఉన్న మట్టికి బ్యాలెన్స్ చేసుకున్నాం కదా, ఆ మట్టికంటే వేరే ఖనిజం ఉన్న రాయి దాని సొంత కోణంలో పలుకుతుంది. ఒకరకం రాయి లోహంలాగే శుభ్రంగా మోగుతుంది. ఇంకోరకం రాయి మీదకి కాయిల్ రాగానే శబ్దం మూగబోయి, దాటగానే బోయ్ మని ఎగిసిపడుతుంది. ఈ రెండోది గుర్తుపట్టడం తేలిక. సిగ్నల్ గట్టిగా వినిపించిన చోటికి సరిగ్గా కాయిల్ తెచ్చి ఆపితే అక్కడ ఏమీ ఉండదు, రాయి పక్కన ఎక్కడో ఉంటుంది.

మొదటిరకానికి మార్గం, రాయి ఊడి వచ్చేదైతే చెప్పు కొనతో పక్కకి తన్ని చూడటం. శబ్దం రాయితో పాటు జరిగితే రాయిదే. అక్కడే మిగిలితే తవ్వు. కాయిల్‌ని అంగుళం పైకెత్తడం కూడా పనిచేస్తుంది, నేల మీదున్న రాయి సిగ్నల్ వెంటనే సన్నబడుతుంది, లోతులో ఉన్న దాని సిగ్నల్ అంత త్వరగా పడిపోదు. ఎత్తు ఎంతైనా ఆ ఎత్తు మాత్రం మారకూడదు. ఊపే చివర్లలో కాయిల్ పైకి లేపే అలవాటు ఉంటే ఎంత బ్యాలెన్స్ చేసినా కూతే.

నల్లఇసుక:
ఒడ్డు మీద తిరిగే మనిషిగా ఒక మాట చేర్చాలి. నల్ల ఇసుకా ఉప్పు నీళ్లూ కలిసిన చోట ఒక్క ఫ్రీక్వెన్సీ మెషీన్‌తో పోరాటమే. నల్ల ఇసుకకి స్కేల్ మీద ఒక చివర, ఉప్పు తడికి రెండో చివర. ఒకదానికి బ్యాలెన్స్ చేస్తే రెండోది మోగుతుంది, రెండిటికీ ఒకేసారి చేయలేం. అందుకే ఒకేసారి ఎన్నో ఫ్రీక్వెన్సీలు పంపి పోల్చి చూసే మెషీన్లు వచ్చాయి. మైన్‌ల్యాబ్ అనే డిటెక్టర్ కంపెనీ వాళ్ల బీబీఎస్ పద్ధతిలో 1.5 నుంచి 25.5 కిలోహెర్ట్జ్ దాకా 17 ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. తడి ఇసుకలో ఆ తేడా చెవికి తెలుస్తుంది. పొడి గుట్ట మీద ఉప్పు లేదు కాబట్టి మీ మెషీన్ సరిపోతుంది, కొత్తది కొనాలని తొందరపడకండి.

తీగచుట్ట:
పల్స్ ఇండక్షన్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. అది ఆగకుండా తరంగం పంపదు. ఒక్క పల్స్ ఇచ్చి, ఆపేసి, సుమారు 10 మైక్రోసెకన్లు ఆగి అప్పుడు వింటుంది. ఆలస్యం లేకుండా పలికే మాగ్నెటైట్ ఆ లోపే చల్లారిపోతుంది, లోహంలో సుడి ప్రవాహాలు ఇంకా మిగిలి ఉంటాయి. కానీ కొన్ని నేలల్లోని సన్న కణాలు పల్స్ ఆగాక కూడా కొంతసేపు మెల్లగా తగ్గుతూ పలుకుతాయి, దాన్ని విస్కస్ గుణం అంటారు. అందుకే పల్స్ మెషీన్‌కి కూడా బ్యాలెన్స్ కావాల్సి వచ్చింది. 1995లో మైన్‌ల్యాబ్ ఎస్‌డీ 2000తో బంగారం వెతికేవాళ్లకి ఇది అందింది, రూపకర్త బ్రూస్ క్యాండీ. లోపం ఏంటంటే ఇనుమేదో కాదేదో తేల్చడంలో వీఎల్‌ఎఫ్ అంత నమ్మకంగా ఉండదు. తుప్పు మేకులున్న గుట్ట మీద దాన్ని తీసుకెళ్తే రోజంతా తవ్వుతూనే ఉండాలి.

ఈ సందర్భంలో నాకెప్పుడూ గుర్తొచ్చే సంగతి ఒకటుంది. గెర్హార్డ్ ఫిషర్ అనే ఇంజనీర్ రేడియో సాయంతో దారి కనిపెట్టే పరికరం మీద పనిచేస్తుంటే, ఖనిజమున్న రాళ్ల ప్రాంతాల్లో అది తప్పు దిక్కులు చూపించేది. ఆ తప్పునే పట్టుకుని ఆయన మెటల్ డిటెక్టర్ తయారుచేశాడు, 1937లో పేటెంట్ వచ్చింది. మనం వదిలించుకోవాలనుకునే ఈ నేల గోల నుంచే ఈ పరికరం పుట్టింది.

కొత్తకాయిల్:
ఇది నాకు తెలియదన్నా, చాలా బాగుంది. డిస్క్రిమినేషన్ మాత్రం ఇంకా అర్థం కాలేదు. పూర్తిగా తీసేస్తే ప్రతి మేకూ మోగుతుంది కదా?

ఓపికమనిషి:
మోగుతుంది. తవ్వాలి. ఎందుకో చెప్తాను. ఖనిజం ఎక్కువున్న నేలలో లోతున ఉన్న వస్తువు సంఖ్య (ఏ లోహమో సూచిస్తూ స్క్రీన్ మీద వచ్చేది, బ్యాలెన్స్ సంఖ్య కాదు) ఇనుము వైపు జరిగిపోతుంది. మంచి నేలలో శుభ్రంగా 60 చూపించే ముక్క ఇక్కడ 15 సెంటీమీటర్ల కింద 20 చూపించొచ్చు, లేదా సంఖ్యే నిలవకుండా గెంతులు వేయొచ్చు. నువ్వు 30 కింద అంతా మూసేస్తే ఆ ముక్క నీకు ఎప్పటికీ వినపడదు. నీ మొదటి పోస్ట్‌లో మోత తగ్గిందన్నావు కదా, మోతతో పాటు నాణెం కూడా పోయింది.

సంఖ్య కాకుండా శబ్దం ఆకారం విను. అటు నుంచి ఊపినా ఇటు నుంచి ఊపినా, 90 డిగ్రీలు తిరిగి ఊపినా, మొదలూ చివరా నునుపుగా ఉండి ఒకేచోట వచ్చేదాన్ని తవ్వు. ఒకవైపు నుంచే వచ్చి రెండోవైపు విరిగిపోయేది చాలాసార్లు ఇనుమో నేలో.

రెండోచెవి:
ఓపికమనిషి గారూ, సాయంత్రం వెళ్లి వచ్చాను. ఫిక్స్‌లో పెట్టి అదే చోటికి వెళ్తే సిగ్నల్ తిరిగి వచ్చింది, ఎన్నిసార్లు ఊపినా నిలిచింది. తవ్వితే చిన్న సీసపు గుండు, బఠానీ గింజంత. ఇన్నేళ్లు ట్రాకింగ్‌తో తిరిగిన చోట్లన్నీ మళ్లీ తిరగాలి ఇప్పుడు.

నల్లఇసుక:
కొత్తకాయిల్, చిన్న కాయిల్ దొరుకుతుందేమో చూడు, 5 లేదా 6 అంగుళాలది. చిన్న కాయిల్ ఒకేసారి తక్కువ మట్టిని చూస్తుంది, కాబట్టి నేల గోలా తగ్గుతుంది. పెద్ద కాయిల్ లోతుకి పోతుందనేది మెత్తటి నేలల మాట. నీది డబుల్ డి కావడం మంచిదే. కాన్సెంట్రిక్ కాయిల్ (గుండ్రటి చుట్లు ఒకదానిలో ఒకటి ఉన్నది) నేలని గరాటులా చూస్తుంది, డబుల్ డి సన్నటి కత్తి అంచులా చూస్తుంది, అందుకే ఇలాంటి చోట్ల అదే నయం.

కొత్తకాయిల్:
స్నేహితుడి దగ్గర 5 అంగుళాల కాయిల్ దొరికింది. కాయిల్ మార్చాక బ్యాలెన్స్ మళ్లీ మొదటి నుంచి చేశాను, 81. సెన్సిటివిటీ ఈసారి 70 దాకా పోయింది చిరచిర లేకుండా. డిస్క్రిమినేషన్ సున్నా.

రెండు గంటల్లో పదకొండు మేకులు, రెండు హాట్ రాక్స్. తర్వాత ఒక సిగ్నల్. ఎంత సన్నంటే ఊపిరి బిగబట్టి వినాల్సి వచ్చింది. సంఖ్య 18, 44, 25 అంటూ గెంతుతోంది. మొన్నటి నేనైతే ఇనుమని దాటిపోయేవాణ్ని. తిరిగి అడ్డంగా ఊపాను, అదే చోట, అదే నునుపు. నాలుగు అంగుళాలు తవ్వి మట్టి పక్కకి లాగి ఊపితే గొయ్యి అంచు కూత వచ్చింది. గొయ్యిని వెడల్పు చేసి అంచులు వాలుగా చెక్కాను. కూత పోయింది, సిగ్నల్ మిగిలింది. ఇంకో అంగుళం కింద ఇత్తడి బొత్తాం, వెనక కొక్కెం విరగకుండా ఉంది. నీళ్లతో కడిగితే అంచు చుట్టూ సన్నటి తాడు అల్లిక డిజైన్ బయటపడింది.

వాలు పైభాగానికి ఎక్కేసరికి శబ్దం మళ్లీ రేగింది. ఆగి పంప్ చేశాను. 74 వచ్చింది. అక్కడ మట్టి రంగు కింద ఉన్నట్టే ఉంది.